నెహెమ్యా: ప్రాకారము కట్టినవాడు, గుమ్మములు మూసినవాడు

మన సంఘములలో గుడి కట్టుబడికి చందా పుస్తకము తెరచిన నాడు, లేక కాంపౌండు గోడకు పునాదిరాయి వేసిన నాడు, ప్రసంగమునకు నెహెమ్యా గ్రంథము తీయని పాస్టరు అరుదు. నేనును తీసినవాడనే. మొదటి ఆరు అధ్యాయములు ఆ పనికి ఎంతో అనుకూలము. అందులో కన్నీరు కలదు, ఉపవాసము కలదు, రాజు దయ కలదు, శత్రువుల ఎగతాళి కలదు, 52 దినములలో ముగిసిన గోడ కలదు. అక్కడ ఆపి చందాల పట్టిక చదువుకొందుము. పదమూడవ అధ్యాయము చదివి చందా అడిగినవారిని నేను ఇంతవరకు చూడలేదు. ఆ అధ్యాయములో ఇదే నెహెమ్యా మనుష్యులను శపించి, కొందరిని కొట్టి, వారి తలవెండ్రుకలు పెరికెను.

ఈ శతవార్షికోత్సవ సంచికలో మన పూర్వ నాయకులను గూర్చి అనేకులు వ్రాయుచున్నారు. వారి మేలును స్మరించుట మన విధి. నేను కొంచెము దూరము పోయి, తన మంచిని తన లోపములను తన చేతితోనే వ్రాసిపెట్టిన ఒక హెబ్రీ నాయకుని గూర్చి వ్రాయదలచితిని. దావీదు పాపమును మరియొకరు వ్రాసిరి. పేతురు బొంకును సువార్తికులు వ్రాసిరి. నెహెమ్యా అయితే "నేను" అని ప్రారంభించి తన కథను తానే చెప్పెను. నాకు తోచినంతవరకు, అవి లోపములని ఎరుగకయే కొన్నిటిని చెప్పెను. అందుచేతనే ఆయన మాట నమ్మదగినదిగా నున్నది.

ముందుగా కాలమును తెలిసికొందము. యెరూషలేము క్రీ.పూ. 586లో బబులోనువారి చేత పడిపోయెను. క్రీ.పూ. 538లో పారసీక రాజైన కోరెషు సెలవిచ్చెను. జెరుబ్బాబెలుతో వచ్చినవారి లెక్క 42,360 అని ఎజ్రా గ్రంథములోను నెహెమ్యా గ్రంథములోను ఒకే విధముగా కలదు. ఆలయము క్రీ.పూ. 516 ప్రాంతమున పూర్తియాయెను. గోడ మాత్రము లేవలేదు. ఒకసారి లేపబోయిరి కూడ. ఆ సంగతి ఎజ్రా 4వ అధ్యాయములో కలదు. ప్రాంతీయ అధికారులు అర్తహషస్త రాజునకు ఫిర్యాదు వ్రాయగా, ఈ పట్టణము పూర్వమునుండి తిరుగుబాటు పట్టణమే, నేను మరల ఆజ్ఞ ఇచ్చువరకు పని ఆపుడని రాజు ఉత్తరువు చేసెను. అధికారులు పరుగున వచ్చి బలవంతముగా పని మాన్పించిరి. ఇది నెహెమ్యా రాకకు కొద్దికాలము ముందు జరిగియుండునని అనేకులైన పండితుల అభిప్రాయము. గుమ్మములు కాలియున్నవని ఆయన సహోదరుడైన హనానీ షూషనుకు తెచ్చిన వార్త 140 ఏండ్ల నాటి పాత సంగతియైతే దాని విని అంతగా ఏడ్వనేల? ఆ వార్త క్రొత్త గాయమై యుండవలెను.

ఇక్కడనే ఆయన ధైర్యము యొక్క కొలత తెలియుచున్నది. పని ఆపించిన రాజు ఎవడో ఆ రాజుకే ఆయన గిన్నె అందించువాడు. ఆ రాజు తండ్రి క్రీ.పూ. 465లో తన నగరులోనే హత్య చేయబడెను. అట్టి యింటిలో రాజు త్రాగు పాత్రను పట్టుకొనువాడు ఎంత నమ్మకస్థుడై యుండవలెనో, రాజు అనుమానము కలిగిననాడు వాని గతి ఏమగునో ఊహించుకొనవచ్చును. రాజు నీ ముఖము విచారముగా నున్నదేమని అడిగినప్పుడు తాను మిగుల భయపడితినని నెహెమ్యా దాచక వ్రాసెను. భయపడని వీరుని కథ కాదిది.

ఆయన కిస్లేవు నెలలో వార్త విని, నీసాను నెలలో రాజు ముందు నోరు తెరచెను. మధ్య నాలుగు నెలలు గడిచెను. ఆ నాలుగు నెలలు ఆయన ప్రార్థించెను, లెక్కయు వేసికొనెను. రాజు నీకేమి కావలెనని అడుగగానే తడబాటు లేకుండ చెప్పెను: ఇన్ని దినములు సెలవు, నది యవతలి అధికారులకు తాకీదులు, రాజు అడవిని కాయు ఆసాపు పేర మ్రానులకు ఒక పత్రము, అది ఏయే గుమ్మములకో వివరముతో. పదమూడేండ్ల క్రిందట ఎజ్రా వచ్చినప్పుడు, దేవుడు మాకు తోడని రాజు ఎదుట చెప్పుకొనిన పిమ్మట సైనికులను అడుగుటకు సిగ్గుపడి ఉపవాసముండి బయలుదేరెను. నెహెమ్యాకు ఆ సిగ్గు లేదు. రాజు గుర్రపురౌతులనిచ్చెను, ఆయన తీసికొనెను. ఇద్దరును భక్తులే. ఒకడు శాస్త్రి, ఒకడు ఉద్యోగి. భక్తి ఒకే తీరుగా ఉండవలెనని పట్టుపట్టువారు ఈ రెండు ప్రయాణములను ప్రక్కప్రక్కన పెట్టి చదువుకొనుట మంచిది.

యెరూషలేము చేరి మూడు దినములు ఎవరితోను పలుకలేదు. మూడవ నాటి తరువాత రాత్రివేళ కొద్దిమందిని వెంటబెట్టుకొని, ఒక్క వాహన పశువుపై కూర్చుండి, లోయ గుమ్మము గుండ బయలుదేరి కూలిన గోడను చూచుచు పోయెను. ఒకచోట పశువు పోవుటకు దారి చాలలేదని వ్రాసెను. 1961 మొదలు 1967 వరకు యెరూషలేములో త్రవ్వకములు జరిపిన కాథ్లీన్ కెన్యన్ అను ఆంగ్ల పురాతత్వవేత్త, ఆ పట్టణపు తూర్పు వాలున మెట్లుమెట్లుగా కట్టిన పూర్వపు ఇండ్లు కూలి రాళ్ల గుట్టలైయుండుట కనుగొనెను. నెహెమ్యా ఆ వాలును విడిచి, గోడను కొండ నెత్తిపైకి జరిపి కట్టెనని ఆమె అభిప్రాయపడెను. గోడ జాడ ఎక్కడనను విషయమై ఇప్పటికిని వాదములు కలవు గాని, ఆ రాళ్ల గుట్టలను చూచినవారికి నెహెమ్యా పశువు ఏల ఆగెనో వేరుగా చెప్పనక్కరలేదు. అంతా చూచిన పిమ్మటనే ఆయన పెద్దలను పిలిచి మాటలాడెను. చూడకముందే వాగ్దానము చేయలేదు.

మూడవ అధ్యాయము పేర్ల పట్టిక. చదువుటకు విసుగు పుట్టించునని అనేకులు దాటిపోవుదురు. నాకు ఈ గ్రంథములో ఇది మిక్కిలి ఇష్టమైన అధ్యాయము. ప్రధానయాజకుడైన ఎల్యాషీబు తన యాజకులతో గొఱ్ఱెల గుమ్మము కట్టెను. కంసాలులు కట్టిరి, సుగంధద్రవ్యములు చేయువారు కట్టిరి, వర్తకులు కట్టిరి. షల్లూము అను అధికారి తన కుమార్తెలతో కలిసి కట్టెను. పెంట గుమ్మము కట్టుటకు కూడ ఒక అధికారి ముందుకు వచ్చెను. అనేకులకు ఎవరి ఇంటికి ఎదురుగా ఉన్న భాగమును వారికే అప్పగించెను. తన వాకిటి ముందరి గోడను ఎవడును పలుచగా కట్టడు గదా! తెకోవ ఊరివారు రెండు భాగములు కట్టిరి గాని, వారి ఘనులు మెడ వంచలేదు. దానిని కూడ వ్రాసెను. కట్టినవానిని మరచిపోలేదు, కట్టనివానిని విడిచిపెట్టలేదు. ఈ లెక్క వ్రాయు స్వభావమును జ్ఞాపకముంచుకొనవలెను. ఆయన బలమంతయు అందులో నున్నది, ఆయన బలహీనతయు అందులోనే మొలకెత్తెను.

శత్రువులు ముగ్గురు: సన్బల్లటు, టోబీయా, అరబీయుడైన గెషెము. వీరు కల్పిత పాత్రలు కారు. ఐగుప్తులో టెల్ ఎల్-మస్ఖూతా అను చోట దొరికిన ఒక వెండి గిన్నెపై కేదారు రాజైన గెషెము కుమారుని పేరు కలదు. యొర్దానుకు తూర్పున ఇరాక్ ఎల్-అమీరు అను చోట కొండరాతిపై టోబీయా అను పేరు చెక్కబడియున్నది. సన్బల్లటును గూర్చిన సాక్ష్యము అన్నిటికంటె గొప్పది. దానిని చివర చెప్పెదను.

వీరు ఎగతాళి చేసిరి. నక్క ఎక్కినను ఆ గోడ పడునని టోబీయా పరిహసించెను. నెహెమ్యా జనులలో సగముమందిచేత పని చేయించి, సగముమందిచేత ఈటెలు పట్టించెను. బరువులు మోయువారు ఒక చేత పని, ఒక చేత ఆయుధముతో నడిచిరి. రమ్ము, ఓనో మైదానములో మాటలాడుకొందమని శత్రువులు నాలుగుసార్లు కబురుపెట్టిరి. నేను పెద్ద పనిలో నున్నాను, దిగి రాలేనని నాలుగుసార్లు ఒకే జవాబు. అయిదవసారి, నీవు రాజు కాగోరుచున్నావని విప్పియున్న ఉత్తరము పంపిరి. దారిలో ప్రతివాడును చదువవలెననియే గదా విప్పి పంపుట! ప్రాణభయము చూపి ఆలయములో దాగుమని ఒక ప్రవక్త చెప్పగా, నావంటివాడు పారిపోవునా, లోపలికి పోనని త్రోసిపుచ్చెను. ఆయన యాజకుడు కాడు. లోపలికి పోయియుంటే ప్రాణము దక్కినను పేరు పోయెడిది.

అయితే ఈ భాగములోనే ఆయన చేసిన ఒక ప్రార్థన కలదు. పరిహసించినవారి దోషమును కప్పవద్దనియు, వారి పాపమును తుడిచివేయవద్దనియు దేవుని వేడెను. సిలువపై పలుకబడిన ప్రార్థనను ఎరిగిన మనకు ఇది మింగుడుపడదు. కీర్తనలలో ఇట్టివి కలవని సమాధానము చెప్పవచ్చును, అదియు నిజమే. నేను గమనించునది వేరొకటి. దేవుని దగ్గర కూడ ఆయన ఒక చిట్టా పుస్తకము తెరచుకొని కూర్చుండెను. వారి పద్దు కొట్టివేయకుమని చెప్పినవాడు తన పద్దు మరువకుమని అడుగుటకు ఎంతో కాలము పట్టలేదు.

ఇక అయిదవ అధ్యాయము. నెహెమ్యా యొక్క మహత్వము గోడలో గాక ఇక్కడ కనబడుచున్నదని నా నమ్మకము. గోడ పని జరుగుచుండగనే బీదలైన స్త్రీపురుషుల మొర పెద్దదాయెను. తిండికి ధాన్యము లేదని కొందరు, కరవులో పొలములు ద్రాక్షతోటలు ఇండ్లు కుదువబెట్టితిమని కొందరు, రాజు శిస్తు కట్టుటకు అప్పుచేసితిమని కొందరు వచ్చిరి. కుమార్తెలలో కొందరు అప్పటికే దాసులుగా పోయియుండిరి. అప్పు ఇచ్చినవారు అన్యులు కారు, స్వంత యూదా పెద్దలే. అప్పు, కుదువ, వడ్డీ అను మాటలు మన పల్లెలలో ఎవరికిని అర్థము చెప్పనక్కరలేదు. శత్రువు గోడ వెలుపల ఉండగా గోడ లోపల అన్నదమ్ములే అన్నదమ్ములను తినుచుండిరి.

నెహెమ్యా ఏమి చేసెను? మొదట కోపపడెను. వెంటనే మాటలాడలేదు, తనలో తాను ఆలోచించుకొనెను. తరువాత పెద్దలను సమాజము ఎదుట నిలిపి గద్దించెను. అన్యులకు అమ్మబడిన మన సహోదరులను మనము విడిపించి తెచ్చితిమి, మీరు వారిని మరల అమ్మెదరా అని అడుగగా వారికి నోట మాట లేకపోయెను. అప్పుడు ఆయన ఒక మాట చెప్పెను. దానిని చెప్పకున్నను ఎవరును అడుగకపోదురు. నేనును నా బంధువులును నా పనివారును కూడ వారికి ధాన్యము, సొమ్ము అప్పుగా ఇచ్చియున్నాము, ఇక దీనిని మానివేయుదము అని ఒప్పుకొనెను. ఆ దినమే పొలములు ఇండ్లు తిరిగి ఇయ్యవలెను, నూటికి ఒకటి చొప్పున తీసికొను వడ్డీ విడువవలెను అనెను. వారు సరేనన్నను మాటతో తృప్తిపడక యాజకులను పిలిపించి ప్రమాణము చేయించెను. ఉద్యోగి బుద్ధి ఊరకుండదు గదా.

"నేనును" అన్న ఆ ఒక్క మాట నాయకునికి కిరీటము. షూషనులో చేసిన మొదటి ప్రార్థనలో కూడ అట్లే పలికెను. ఇశ్రాయేలీయుల పాపమును ఒప్పుకొనుచు, నేనును నా తండ్రి యింటివారును పాపము చేసితిమని చేర్చెను. ఆయన పుట్టకముందు కూలిన గోడకు తన పేరు కూడ దోషుల పట్టికలో వ్రాసికొనెను.

అదే అయిదవ అధ్యాయము చివర ఆయన తన త్యాగమును లెక్క చెప్పెను. 12 సంవత్సరములు అధిపతిగా ఉండి అధిపతికి రావలసిన భత్యము తీసికొనలేదు. తనకు పూర్వపు అధిపతులు రొట్టె, ద్రాక్షారసము, దానిపై 40 తులముల వెండి జనులయొద్ద తీసికొనిరి. తాను భూమి సంపాదించుకొనలేదు. తన బల్లయొద్ద 150 మంది యూదులు భోజనము చేసిరి. దినమునకు ఒక ఎద్దు, ఆరు శ్రేష్ఠమైన గొఱ్ఱెలు, కోళ్లు వండించెను. ఇవన్నియు సత్యమే అయియుండును. చెప్పిన పిమ్మట, ఈ జనులకు నేను చేసినదంతయు నా మేలుకై తలంచుకొనుమని దేవుని అడిగెను. ఈ విధమైన మనవి గ్రంథములో నాలుగు చోట్ల కలదు, చివరి అధ్యాయములోనే మూడు.

యూదుల పెద్దలు దీనిని గమనింపకపోలేదు. హెబ్రీ బైబిలులో ఎజ్రా, నెహెమ్యా రెండును పూర్వము ఒకే గ్రంథముగా ఎజ్రా పేరుతో నుండెను. ఇంత భాగము నెహెమ్యా చెప్పినదై యుండగా దానికి ఆయన పేరేల పెట్టలేదని బబులోను తల్మూదులో సన్హెద్రిను అను భాగమున ఒక ప్రశ్న కలదు. తన పుణ్యమును తానే ఎంచుకొనినందున అని ఒక జవాబు. తనకు పూర్వమున్న అధిపతులను నిందించినందున అని మరియొక జవాబు. వేదాంత కళాశాలలో మొదటిసారి దీనిని విన్నప్పుడు రబ్బీలు మరీ కఠినులని తలంచితిని. ఇప్పుడు, ఒక పాస్టరేటు విడిచి మరియొక పాస్టరేటుకు బదిలీపై పోయి, అక్కడ మొదటి కమిటీ మీటింగులో నాకు ముందున్న పాస్టరుగారి లెక్కలను గూర్చి నేను పలికిన మాటలు జ్ఞాపకము వచ్చినప్పుడు, రబ్బీలు మనుష్యులను బాగుగా ఎరిగినవారని ఒప్పుకొనుచున్నాను.

గోడ ఏలూలు నెల 25వ దినమున ముగిసెను. ద్వారపాలకులను ఏర్పాటుచేసి, పట్టణముపై తన సహోదరుడైన హనానీని, కోటకు అధిపతియైన హనన్యాను నియమించెను. (సహోదరుని నియమించుట మన డయాసిసులో జరిగియుంటే ఎవరో ఒకరు లేచి ప్రశ్న వేసియుందురు. యెరూషలేములో ఎవరును వేసినట్లు లేదు.) ఎజ్రా ధర్మశాస్త్రము చదివినప్పుడు ఏడ్చుచున్న జనులను ఓదార్చినవారిలో నెహెమ్యా కూడ కలడు గాని, ఆ దినము ముందు నిలిచినవాడు ఎజ్రాయే. తరువాత జనులందరు ఒక నిబంధన వ్రాసికొని ముద్రలు వేసిరి. 84 పేర్లు కలవు, మొదటి పేరు నెహెమ్యాది. అన్యులతో వియ్యమందము, విశ్రాంతిదినమున కొనము, దేవుని మందిరమును విడువము అని ఒప్పుకొనిరి.

క్రీ.పూ. 433లో ఆయన రాజునొద్దకు తిరిగిపోయెను. ఎంతకాలము అక్కడ ఉండెనో చెప్పలేదు. మరల సెలవు పుచ్చుకొని వచ్చి చూడగా, ఆ మూడు మాటలును తప్పియున్నవి. గొఱ్ఱెల గుమ్మము కట్టిన ఎల్యాషీబుకు టోబీయాతో బంధుత్వము. అందుచేత, నైవేద్యములును దశమభాగములును ఉంచు ఆలయపు గదినే ఖాళీచేసి టోబీయాకు ఇచ్చిరి. లేవీయులకు భాగము అందక ఎవరి పొలమునకు వారు పోయిరి. విశ్రాంతిదినమున ద్రాక్షగానుగలు త్రొక్కిరి, తూరు వర్తకులు చేపలు అమ్మిరి. పెండ్లి విషయమైతే సరేసరి. అష్డోదు, అమ్మోను, మోయాబు స్త్రీలకు పుట్టిన బిడ్డలలో సగముమందికి యూదుల భాష రాకపోయెను. రాళ్ల గోడ చెక్కుచెదరలేదు. గోడలోపల ఆయన కట్టినదంతయు ఆయన వెళ్లగానే జారిపోయెను.

ఈ చోట నాకు ఆయనపై కోపము కంటె జాలి ఎక్కువ. తానున్నంత కాలము ప్రతి గుమ్మమునకు తానే కాపలా. తాను లేనిచో ఆ పని నిలుచునట్లు ఎవరిని తయారుచేసెను? కావలివారిని నియమించెను, ప్రమాణములు చేయించెను, పేర్లు వ్రాయించెను. పాత యెహోషువ చాలకాలము మోషే యొద్ద శిష్యుడై యుండెను. నెహెమ్యా వెనుక అట్టి యెహోషువ ఎవరును కనబడరు.

ఆయన టోబీయా సామానంతయు బయట పారవేయించి గదులను పవిత్రపరచెను. లేవీయులను పిలిపించి, నమ్మకస్థులైన నలుగురిని కొట్లపై నియమించెను. ఇది చక్కని పని. సాయంకాలము గుమ్మములు మూయించెను. వర్తకులు ఒకటి రెండు మారులు గోడవెలుపల రాత్రి గడుపగా, మరల వచ్చినయెడల పట్టుకొందునని బెదిరించెను. వారు రాకపోయిరి. ఇదియు బాగుగానే యున్నదనుకొందము. పెండ్లిండ్ల సంగతికి వచ్చునప్పటికి చేయి లేచెను. శపించెను, కొట్టెను, వెండ్రుకలు పెరికెను, ఇక ఇట్టి వియ్యములు చేయమని దేవుని పేర ప్రమాణము చేయించెను. ఎల్యాషీబు మనుమడు ఒకడు సన్బల్లటుకు అల్లుడైనందున వానిని తన యెదుటనుండి తరిమివేసెను.

ఆయన పక్షమున చెప్పవలసినదియు కలదు. యూదా అప్పటికి చిన్న ప్రాంతము. భాష పోయినచో ధర్మశాస్త్రము చదువువాడు ఉండడు, అది పోయినచో ఆ జాతియే ఉండదు. సొలొమోను కథ ఆయన నోటనే యున్నది. అదియుగాక, ఎజ్రా కాలములో భార్యలను, బిడ్డలను పంపివేయుటకు తీర్మానించిరి. నెహెమ్యా 13వ అధ్యాయములో పంపివేయుమని ఆజ్ఞ కనబడదు, ఇకమీదట చేయవద్దని మాత్రమే యున్నది. కొట్టినచేయి అంతవరకు ఆగెను. అయినను రూతు మోయాబీయురాలే గదా. ఆమె మునిమనుమడైన దావీదు కట్టుకొనిన పట్టణపు గోడనే నెహెమ్యా మరల లేపెను.

ఎజ్రా ఇదే పాపమును విన్నప్పుడు తన తలవెండ్రుకలను, తన గడ్డమును పెరికికొని కూర్చుండెను. నెహెమ్యా ఎదుటివారి వెండ్రుకలు పెరికెను. ఇద్దరి దుఃఖము ఒకటే, చేతులు పోయిన దిక్కు వేరు. మరియొకటి చూడుడు. షూషనులో ప్రార్థించినప్పుడు "నా తండ్రి యింటివారును" పాపము చేసిరనెను. విశ్రాంతిదినమును గూర్చి పెద్దలతో వాదించినప్పుడు, "మీ పితరులు" ఇట్లు చేసినందుననే గదా మనకు ఈ కీడు వచ్చెననెను. తండ్రులు ఆ తండ్రులే. మధ్య కాలములో నెహెమ్యా ఆ పట్టికలోనుండి తన పేరు తీసికొనెను. ఎప్పుడు తీసికొనెనో ఆయనకు తెలిసియుండదు. గోడ ముగిసిన నాడా? భత్యము విడిచిన పండ్రెండవ ఏటనా? త్యాగము చేయుచు చేయుచు ఉన్నవానికి, చేయనివారు వేరు జాతివారుగా కనబడుట ఆరంభించును.

నేను దీనిని దూరమునుండి వ్రాయుటలేదు. నా మొదటి పాస్టరేటులో ఒక పడుచువాడు సంఘమునకు వెలుపలి పిల్లను చేసికొనెను. నియమము ప్రకారము అతనిని కొంతకాలము ప్రభు భోజనమునుండి ఆపియుంచవలెను. నియమము సరియైనదే, దానిని అతని ఇంటికి పోయి చెప్పియుండవచ్చును. నేను చెప్పలేదు. ఆ ఆదివారము అతడు వచ్చి వరుసలో మోకరించగా, పేరు పెట్టి పిలిచి, లేచిపొమ్మంటిని. అతని తల్లి అదే వరుసలో మోకరించి యుండెను. ఆమె తల ఎత్తలేదు, గిన్నెయు పుచ్చుకొనలేదు. సంఘపెద్దలు నన్ను మెచ్చుకొనిరి, గట్టి పాస్టరుగారనిరి. నాకును ఆ రాత్రి నేను ఏదో గోడను నిలబెట్టినట్లే యుండెను. నేను బదిలీయైన పిమ్మట ఆ ఇంటివారెవరును గుడికి రాలేదని తరువాతి పాస్టరుగారు చెప్పిరి. పదమూడవ అధ్యాయమును అప్పటినుండి నేను వేరుగా చదువుచున్నాను.

ఇక సన్బల్లటు సంగతి. నైలు నదిలో అస్వాను దగ్గర ఎలిఫెంటైను అను ద్వీపములో పారసీకుల కొలువున ఉన్న యూదా సిపాయిల కాలనీ ఒకటి యుండెను. వారికి అక్కడ యెహోవా పేర ఒక ఆలయము కలదు. క్రీ.పూ. 410లో దానిని ఐగుప్తీయులు పడగొట్టిరి. ఇరువదవ శతాబ్దపు ఆరంభములో అక్కడ దొరికిన అరామిక్ భాషా పత్రములలో వారు క్రీ.పూ. 407లో వ్రాసిన మనవి ఒకటి కలదు. అది యూదా అధిపతియైన బగోహీకి వ్రాయబడినది. మూడేండ్ల క్రిందట యెరూషలేములోని ప్రధానయాజకుడైన యోహానానుకు వ్రాసితిమి గాని జవాబు రాలేదని అందులో చెప్పుకొనిరి. సమరయ అధిపతియైన సన్బల్లటు కుమారులకు కూడ వ్రాసితిమని తెలిపిరి. ఆ కుమారుల పేర్లు దెలాయా, షెలెమ్యా.

ఆ పేర్ల చివర నున్నది ఎవరి నామమో చదువరులు ఎరుగుదురు. టోబీయా పేరులోను అదియే కలదు, యెహోవా మంచివాడని ఆ పేరునకు అర్థము. నెహెమ్యా ఎవరి యెదుట గుమ్మములు మూసెనో వారు తమ బిడ్డలకు నెహెమ్యా దేవుని పేరే పెట్టుకొనుచుండిరి. అందుచేత వారు మంచివారైపోరు. వారి కుయుక్తులు కుయుక్తులే. అయినను నెహెమ్యా గ్రంథము మాత్రమే చదివినవానికి ఈ సంగతి తెలియదు. ఆయన దానిని మనకు చెప్పలేదు.

ఆ మనవికి జవాబు దొరికినది. ఆలయము కట్టుకొని నైవేద్యమును ధూపమును అర్పించుకొనవచ్చునని, నోటిమాటగా పంపిన జవాబును ఒక చిన్న జ్ఞాపకపత్రముగా వ్రాసికొనిరి. ఆ జవాబు పంపినవారు ఇద్దరు: యెరూషలేమున నెహెమ్యా కూర్చున్న పీఠముపై కూర్చున్న బగోహీ, సన్బల్లటు కుమారుడైన దెలాయా. నెహెమ్యా గోడ ముగించి అప్పటికి నలువది ఏండ్లైనను నిండలేదు.

నెహెమ్యా మరణమును గూర్చి లేఖనములో లేదు. ఆయన ముసలివాడై గౌరవముతో మరణించెనని జోసీఫసు అను యూదా చరిత్రకారుడు వ్రాసెను. క్రీ.పూ. రెండవ శతాబ్దపు ఆరంభమున సీరా కుమారుడు తన జ్ఞానగ్రంథములో పూర్వపు ఘనులను పొగడుచు, పడిన గోడను లేపినవాడని నెహెమ్యాను స్మరించెను. ఎజ్రాను ఆయన స్మరింపలేదు.

ఈ సంచిక చివర మన గుళ్లు కట్టినవారి పేర్ల పట్టిక వేయుదురని కమిటీవారు చెప్పిరి. అందుచేత మూడవ అధ్యాయమును మరల ఒకసారి చదివితిని. అందులో బెరెక్యా కుమారుడైన మెషుల్లాము అను ఒకడు కలడు. అతడు ఒక భాగము కట్టి, అది చాలక తన గదికి ఎదురుగా మరియొక భాగము కట్టెను. ఆరవ అధ్యాయము చివర చూచిన, ఆ మెషుల్లాము కుమార్తెనే టోబీయా కుమారుడు పెండ్లిచేసికొనియున్నాడు. ఆ బంధుత్వము మూలముననే యూదా పెద్దల ఉత్తరములు టోబీయాకు పోవుచుండెనని నెహెమ్యా చేదుగా వ్రాసెను. అది వ్రాసిన చేయి వెనుకకు పోయి మూడవ అధ్యాయములోని పేరును కొట్టివేయలేదు. రెండు చోట్లను మెషుల్లాము పేరు, అతడు కట్టిన భాగముతో కూడ, అట్లే యున్నది.